భిలాయిలో తేలిన తడి

భిలాయి వెళ్ళొచ్చానని తెలియగానే మా కాలేజీలో అందరూ ఒకటే అడిగారు, ఉక్కు కరిగించడం చూశారా అని. చూడలేదు. ఫ్యాక్టరీని గోడ బయట నుంచే చూశాను. పొగ గొట్టాలు చూశాను. పొద్దువాలాక కూడా ఆకాశం ఒక మూల ఎర్రగా మిగిలిపోవడం చూశాను. నేను వెళ్ళిన పని వేరు. పదిరూపాయల బిళ్ళంత పొరలు నాలుగు పట్టుకెళ్ళి, వాటికి తడి తగలకుండా చూసుకుని, అక్కడి ల్యాబులో కొలిపించుకుని రావాలి. చెప్పుకోడానికి ఇంతే. కానీ రైలెక్కిన దగ్గర నుంచి ఇల్లు చేరేదాకా నా గుండె కుదుటపడలేదు.

నేను విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. ఉద్యోగం చేస్తూనే విశాఖలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని లిథియం బ్యాటరీల్లో ఉండే ఎలక్ట్రోలైట్ మీద. మన ఫోన్లలో, బళ్ళలో ఉండే బ్యాటరీ లోపల రెండు ధ్రువాల మధ్య ఒక ద్రవం ఉంటుంది. లిథియం అయాన్లు అందులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్తేనే మనకు కరెంటు. చిక్కేమిటంటే ఆ ద్రవం మండుతుంది. దాని బదులు పాలిమర్ పొర పెడితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. కానీ పొరలో అయాన్లు అంత చురుగ్గా కదలవు. పాలిమర్ గొలుసులు మెదులుతూ ఉంటేనే వాటికి దారి. మామూలు వేడిమిలో ఆ గొలుసులు చాలావరకు గడ్డకట్టి పడుంటాయి. అవి గడ్డకట్టకుండా అడ్డుపడుతుందని నేను ఒక రకం పింగాణీ పొడి కలిపి పొరలు పోశాను. కొలిస్తే అయాన్ వాహకత ఇరవై రెట్లు పెరిగింది.

మా గైడ్ గారు డిపార్ట్‌మెంటంతా మిఠాయి పంచారు. పేపరు రాసి పంపాం. దాన్ని పరిశీలించినవారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు: ఈ కొలతలు తేమ లేని చోట తీశారా?

అది చిన్న ప్రశ్న కాదు. ఈ పొరలు గాలిలో తేమని ఉప్పులా పీల్చుకుంటాయి. పొరలో నీళ్ళు చేరితే గొలుసులు మెత్తబడతాయి, అయాన్లు హాయిగా కదులుతాయి, అంకె పెరుగుతుంది. అప్పుడు ఆ గొప్ప నా పొడిది కాదు, నీళ్ళది. నీళ్ళున్న పొర బ్యాటరీకి పనికిరాదు, లిథియానికీ నీళ్ళకీ పొసగదు. మా ల్యాబు కిటికీలోంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది.

"వాక్యూమ్‌లో ఆరబెట్టాకే కదమ్మా కొలిచాం" అని సార్ విసుక్కున్నారు. "భిలాయిలో నాకు తెలిసినవాళ్ళ దగ్గర ఆర్గాన్ వాయువు నింపిన పెట్టె ఉంది. అందులో ఒక్క చుక్క తేమ ఉండదు. ఒకసారి అక్కడ కొలిపించుకుని రండి. వాళ్ళ నోరు మూతపడుతుంది."

పేపరు అచ్చయితే గానీ నా థీసిస్ తీసుకోరు. గడువేమో ఈ ఏడాదితో సరి. ఆ ప్రశ్న చదివిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

రాయగడ దాటాక

పొరలు నాలుగు. రెండింటిలో పొడి కలిసింది, రెండింటిలో లేదు. ఒక్కోదాన్నీ వెండిరంగు రేకు సంచిలో పెట్టి, అంచులు వేడితో అతికించాను. నాలుగింటినీ గాలి చొరబడని డబ్బాలో సర్ది, చుట్టూ తేమ పీల్చే నీలం గింజలు పోశాను. తేమ తగిలితే ఆ గింజలు గులాబీరంగుకు తిరుగుతాయి. అవి ధైర్యం కోసం వేసుకున్నవే గానీ, దారి పొడుగునా నన్ను భయపెట్టింది అవే. మూతలోంచి చూడటం, రంగు మారిందా అనుకోవడం, మళ్ళీ చూడటం. వానాకాలం. ఎక్కినవాళ్ళల్లా తడి గొడుగుతోనే ఎక్కారు.

పార్వతీపురంలో ఎక్కిన ఒక పెద్దావిడ నా ఎదుట కూర్చుని చాలాసేపు నన్నే చూసింది.

"ఏటమ్మా, పురిటి పిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావు. ఏటున్నాది అందుల?"

"బ్యాటరీకి సంబంధించినవండి."

"పేలదు గదా?"

"పేలదండి."

"అయితే కింద ఎట్టీ. సేతులు పీకవా?"

నేను పెట్టలేదు. ఆవిడ పనసకాయ ఇంటి దగ్గరే ఒలిచి తొనలు గిన్నెలో వేసి తెచ్చింది. ఆకు మీద ఆరేడు పెట్టి ఇచ్చింది. చేతికి జిగురు అంటితే డబ్బా ముట్టుకోవాలంటే భయం. ఎడమచేత్తో డబ్బా, కుడిచేత్తో తొనలు, అలాగే తిన్నాను. ఆవిడ రాయ్‌పూర్‌లో కూతురి దగ్గరికి వెళ్తోందట. రాయగడ దాటాక కొండలు, వాటి నడుమ నీళ్ళు నిండిన మళ్ళు, సొరంగాలు. అంత అందమైన దారి నేను సగం కూడా చూడలేదు. నీలం గింజలనే చూశాను.

టిట్లాగఢ్ తర్వాత బోగీలోకి రైల్వే పోలీసులు తనిఖీకి వచ్చారు. ఆ దారిలో గంజాయి పోతుంది కాబట్టి అది మామూలేనని ఆవిడ చెప్పింది. వాళ్ళు నా డబ్బా తెరిపించారు. పేరు లేని వెండి సంచులు, చుట్టూ రంగు గింజలు. వాళ్ళకు అనుమానం రావడంలో తప్పేమీ లేదు. సార్ ఇచ్చిన కాగితం చూపించాను. నా హిందీ నాకు అక్కరకు రాలేదు. "గాలి తగిలితే పాడవుతుంది" అన్నది హిందీలో ఎలా అన్నానో ఏమో, ఆ అధికారి "విషవాయువా?" అని అడిగాడు. కాదని చెప్పడానికి ఇంకో తంటా.

చివరికి ఆయన మర్యాదగానే అన్నాడు, ఒకటి విప్పి చూస్తాం, ఏది విప్పమంటారో మీరే చెప్పండి అని.

నేను చెప్పలేకపోయాను. పొడి కలిసినది ఒకటి పోతే ఒకటే మిగులుతుంది. కలవనిది పోతే పోల్చి చూడటానికి ఒకటే మిగులుతుంది. నేను నోరు విప్పకపోవడంతో ఆయన పైనున్నది తీసి కత్తెరతో కత్తిరించాడు. పొడి కలిసినదే. పొరని వేలితో నొక్కి, వాసన చూసి, ఏమీ లేదని తల ఊపి, "ధన్యవాద్ మేడమ్" అని తిరిగిచ్చాడు. సంచి మూసుకోమని తన దగ్గరున్న టేపు కూడా ఇచ్చాడు. నేను టేపు వేసేసరికే పొర అంచులు వేలికి అతుక్కుంటున్నాయి.

"పోన్లేమ్మా, మూడున్నాయి గదా" అంది పెద్దావిడ. ఆవిడ దిగేటప్పుడు నేను సరిగ్గా వీడ్కోలు కూడా చెప్పలేదు. ఆ సంచినే చూస్తూ కూర్చున్నాను.

మరోదా

దుర్గ్ దాకా వెళ్ళకుండా భిలాయి నగర్‌లో దిగిపోయాను. నా సహోద్యోగి మేనత్త సువార్తమ్మగారు అక్కడ మరోదాలో ఉంటారు. భర్త ఏలియాగారు టెక్కలి వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ప్లాంటులో చేరి, అక్కడే రిటైరయ్యారు. వాళ్ళమ్మాయి రూతు ఈ-రిక్షా నడుపుతుంది. స్టేషన్ బయట నా కోసం నిలబడింది తనే.

"వసంత దీదీ మీరేనా? బైఠియే, బైఠియే. ఇంకా రాలేదేటని అమ్మ ఫోన్ మీద ఫోన్."

రూతుకి ముప్పై దాటి ఉంటాయి. పుట్టింది, చదివింది భిలాయిలోనే. తెలుగు మాట్లాడుతుంది గానీ తొందరలో ఉంటే హిందీలోకి జారిపోతుంది. మన ఊళ్ళలో వీధికో పేరు, ఇంటికో గుర్తు. అక్కడ అన్నీ అంకెలే. ఆరో సెక్టారు, పదో సెక్టారు, ఫలానా వీధి, ఫలానా నంబరు. వెడల్పయిన తిన్నటి రోడ్లు, రెండు పక్కలా వేపచెట్లు. అంత పద్ధతిగా ఉన్న ఊరు చూస్తే నాకు ఎందుకో పరీక్ష హాలు గుర్తొచ్చింది. మరోదాలో మాత్రం ఆ పద్ధతి సడలి, సందులు, కోళ్ళు, ఆరేసిన బట్టలు మొదలయ్యాయి. ప్రాణం కాస్త కుదుటపడింది.

"వచ్చీసినావా తల్లీ. నడుం పట్టీసుంటాది. కాళ్ళు కడుక్కుని బేగి కూకో, అన్నం ఎట్టీసినాను" అన్నారు సువార్తమ్మగారు.

వంకాయ ఎండుచేపల కూర. చేపలు టెక్కలి నుంచి ఎవరో ఒకరు వస్తూ తెస్తూనే ఉంటారట. దాని పక్కనే ఎర్రటి ఆకుకూర, లాల్ భాజీ అంటారు, వెల్లుల్లి వేసి వేయించింది. మన తోటకూరకు చెల్లెలు. బజారులో కట్ట పది రూపాయలేనట, రోజూ అదే వండినా ఎవరూ వద్దనరట. చాలా రోజుల తర్వాత ఆ రాత్రే కడుపునిండా తిన్నాను.

తిన్నాక ల్యాప్‌టాప్ చార్జింగ్‌కు పెట్టాను. సువార్తమ్మగారు పీట తెచ్చుకుని దాని పక్కన కూర్చున్నారు. పొయ్యి మీద పాలు పెట్టి కాపలా ఉన్నట్టు.

"మీరెందుకండీ కూర్చోవడం?"

"ఉండనీ తల్లీ. నిండీదాకా ఉంటాను. మా ఇంట్లో ఏది పెట్టినా ఒకల్లం ఉంటాం."

అప్పుడు చూశాను వరండా గోడ. సున్నం వేశారు గానీ కింద నలుపు ఇంకా తేలుతూనే ఉంది. రూతు ఎడమ మోచెయ్యి కింది చర్మం ముడతలు పడి, మెరుస్తోంది.

"లిథియం బ్యాటరీ దీదీ" అంది రూతు. "తేలిక, బేగి నిండుతాదని ఒకతని దగ్గర వేయించినాను. ఇక్కడే చార్జింగ్‌లో పెట్టీసి లోపల వంట చేస్తన్నాను. సీటీ వినపడింది. కుక్కర్ అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, కుక్కర్ నేను పెట్టనేలేదు."

ఆమె గోడ మీది నలుపుని చూపించింది.

"బైటకొస్తే పూరా ధువా, పొగే పొగ. నాన్న దాని పక్కనే మంచం మీద పడుకున్నాడు. లాగీసినాను. అంతే. మిగతాది చుట్టుపక్కలోళ్ళు ఇసక పోసి ఆర్పినారు."

ఏలియాగారు ఆ మంచం మీదే కూర్చుని ఉన్నారు. "ఉద్యోగమంతా కొలిమిల కాడే సేసినానమ్మా. నా ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. మచ్చ దానికొచ్చింది" అన్నారు. 

నేనేం పని చేస్తున్నానో రూతుకి తెలుసు. మా సహోద్యోగి చెప్పిందట. "మీ బ్యాటరీ అయితే అలగ కాలదు కదా దీదీ?"

"లోపల ఆ ద్రవం ఉండదు కాబట్టి అంత తేలిగ్గా కాలదు."

"ఎప్పుడొస్తాది?"

చాలా ఏళ్ళు పట్టొచ్చని చెప్పాల్సింది. ఆ చెయ్యి చూస్తూ ఆ మాట నోట రాలేదు. "అంకె బాగా వచ్చింది. ఇక్కడ కూడా అలాగే వస్తే మంచిదే" అన్నాను.

మర్నాడు పొద్దున్న వాళ్ళ కుటుంబ ప్రార్థనలో నన్నూ కూర్చోబెట్టారు. సువార్తమ్మగారు కళ్ళు మూసుకుని ఊరివాళ్ళందరి పేర్లూ తలుచుకుని, చివర అన్నారు: "ఈ బిడ్డ అంకె ఇక్కడ కూడా అలగే రావాల తండ్రీ. తగ్గకూడదు."  నా అంకె కోసం అంతకుముందు ఎవరూ ప్రార్థన చేసి ఉండరు.

ఉతై దారి

ల్యాబు ఉతై వెళ్ళే దారిలో ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థలో ఉంది. రూతు తన రిక్షాలోనే తీసుకెళ్ళింది. అగ్నిప్రమాదం తర్వాత మళ్ళీ సీసం బ్యాటరీకి మారిపోయింది. బరువు ఎక్కువ, ఎత్తు వస్తే బండి మూలుగుతుంది. దారిలో ఆపి ఫరా తినిపించింది. బియ్యప్పిండితో వేళ్ళలా చేసి ఆవిరిమీద ఉడికించి, నువ్వుల పోపు పెడతారు. మన ఉండ్రాళ్ళ పిండే వేరే ఆకారంలో. నాకు మూడు ముక్కలే దిగాయి. మిగతావి రూతు కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది.

నాకు సాయం చెయ్యమని ల్యాబువాళ్ళు అప్పగించిన అమ్మాయి పేరు నేహా సాహు. తనూ పరిశోధక విద్యార్థే, నాకన్నా పదేళ్ళు చిన్న. ఆర్గాన్ పెట్టె గాజు ముందు నిలబడి, దాని గోడలో అమర్చిన పొడవాటి రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పనిచేస్తుంది. లోపల ఆర్గాన్ తప్ప గాలి లేదు. నా మూడు సంచులనూ లోపలికి పంపి, లోపలే విప్పి, ఆ పెట్టెకే కలిపి ఉన్న వాక్యూమ్ పొయ్యిలో పెట్టింది. సోమవారం దాకా ఆరాలి అంది.

టేపు వేసిన నాలుగోదాన్ని చూసి, ఎలాగూ గాలి తగిలింది కదా, దీన్ని బయటే కొలుద్దాం అంది. రెండు ఉక్కు బిళ్ళల మధ్య పొరని బిగించి, యంత్రానికి తగిలించింది. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడుతూ సగం వలయం గీసుకుంటూ వచ్చాయి. 

అంకె వచ్చింది. మేం పేపర్లో రాసినదానికి దగ్గర దగ్గరగా ఉంది. ఇంకాస్త ఎక్కువే.

 రైల్లో కత్తిరించినా ఏమీ కాలేదు, గాలి తగిలినా ఏమీ కాలేదు అనుకున్నాను. సార్‌కి ఫోన్ చేద్దామని బయటికి వెళ్ళబోయాను.

నేహా మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. హిందీలో అడిగింది, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగానే: "దీదీ, ఇది నిన్నటి నుంచి తడి గాలిలో ఉంది. కచ్చితంగా తడిసింది. తడిసిన పొర మీ పేపర్ అంకె ఇస్తోందంటే, పేపర్ కోసం కొలిచిన పొర ఎలా ఉన్నట్టు?"

నేను తెర మీది అంకెని మళ్ళీ చదివాను.

"పొడి కలపని పొరలు ఎప్పుడు కొలిచారు?"

"చలికాలంలో."

"కలిపినవి?"

వానల్లో. ఆ మాట నేను పైకి అన్నానో లేదో గుర్తు లేదు. ఇన్నాళ్ళూ పొరనీ పొరనీ పోల్చాననుకున్నాను. పోల్చింది మాఘమాసాన్నీ శ్రావణాన్నీ కావచ్చు. పొరలు ఆరబెట్టే మా వాక్యూమ్ పంపు సరిగా లాగుతోందో లేదో చలికాలంలో తేలదు. సముద్రం పక్కన వానాకాలంలో తేలుతుంది. మేం చూడలేదు.

ఆదివారం

పొయ్యి పని పొయ్యి చేస్తోంది. నాకు చెయ్యడానికేమీ లేదు. అదే అన్నిటికన్నా కష్టం.

సార్ పొద్దున్నే ఫోన్ చేశారు. రేపు తెలుస్తుందండీ అని పెట్టేశాను. నిన్నటి అంకె సంగతి చెప్పలేదు. చెబితే సంతోషిస్తారు, అదే నా భయం.

ఏలియాగారు వాళ్ళతో చర్చికి రమ్మన్నారు. ప్లాంటులో పనికొచ్చిన కోస్తావాళ్ళు కట్టుకున్న తెలుగు చర్చి అది. లోపల మాట్లాడేది శ్రీకాకుళం తెలుగు, బయట మెట్ల మీద పిల్లలు ఆడుకునేది హిందీలో. పాట మొదలయ్యాక నా పక్కన కూర్చున్న చిన్నపిల్ల చేతిలోని పుస్తకం చూశాను. తెలుగు పాటే, హిందీ అక్షరాల్లో రాసుంది. ఆ పిల్ల ఒక్క ముక్క తప్పు లేకుండా పాడింది. అర్థం తెలుసా అని తర్వాత అడిగితే, "థోడా థోడా" అని నవ్వింది.

మధ్యాహ్నం ఇంట్లో నీళ్ళు పోసిన అన్నం, ఉల్లిపాయ, మిరపకాయ, ఆవకాయ. పక్కింటి ఛత్తీస్‌గఢ్ ఆవిడ చూసి, మా బోరే బాసీ మీరూ తింటారా అంది. మేము దాన్ని చద్దన్నం అంటాం అన్నాను. కాసేపు ఇద్దరం ఎవరిది ముందు అని వాదించుకున్నాం. ఆ కాసేపే నేను పొయ్యిని మరిచిపోయాను. ఏలియాగారు సాయంత్రం నన్ను ప్లాంటు గేటు దాకా నడిపించుకెళ్ళారు. ఏది ఏ మిల్లో, ఏ గొట్టం దేనిదో చెబుతుంటే తల ఊపుతూనే ఉన్నాను. ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఆయన గ్రహించి, "రేపటి గాబరా" అన్నారు. "అవునండీ" అన్నాను. ఇద్దరం వెనక్కి తిరిగాం.

మళ్ళీ ఉతై దారి

సోమవారం నేహా పెట్టె లోపలే పొరలు బిగించి, తీగ బయటికి తెచ్చి కొలిచింది. ముందు పొడి కలిపినది. చుక్కలు పడుతున్నాయి. వలయం పెద్దదవుతూనే ఉంది. ఈ కొలతలో వలయం ఎంత పెద్దదైతే వాహకత అంత తక్కువ. ఇక ఆగుతుంది అనుకున్న చోట ఆగలేదు. తెరలో పట్టక నేహా కొలబద్ద మార్చింది. ఇంకా పెరిగింది.

అంకె పదో వంతుకు పడిపోయింది. ఇంకా తక్కువే.

తర్వాత పొడి కలపనివి రెండూ కొలిచింది. అవి దానికన్నా తక్కువ, సుమారు సగం. అంటే నా పొడి పనిచేసింది. ఇరవై రెట్లు కాదు, రెట్టింపు.

"డబుల్ భీ తో హై, దీదీ" అంది నేహా, రెట్టింపైనా ఉంది కదా అన్నట్టు.

నిజమే. కానీ ఆ క్షణాన ఆ మాట ఓదార్పులాగే వినపడింది. నాకు ఇంకో ఆశ మిగిలింది. ఈ పొర ఏదైనా లోపంతో పోసిందేమో, రైల్లో విప్పిందే అసలైనదేమో. దాన్ని కూడా ఆరబెట్టమని అడిగాను. నేహా ఏమీ అనకుండా లోపల పెట్టింది. మర్నాడు కొలిచాం. రెండూ ఒకే అంకె దగ్గర ఆగాయి. శనివారం నన్ను మురిపించిన అంకె మొత్తం నీళ్ళే. ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. చిత్రంగా, దాంతో కాస్త నిద్ర పట్టింది.

పడుకునేముందు మరోదాలో చెప్పాను. నీళ్ళు, పొర, అంకె, అన్నీ విడమరిచి చెప్పాను. సువార్తమ్మగారు శ్రద్ధగా విని, "మరి నాను తగ్గకూడదని అడిగినాను గదా" అన్నారు. ఆవిడ నా కోసం కాక దేవుడి కోసం ఇబ్బంది పడుతున్నట్టు అనిపించింది.

రూతు తన చెయ్యి నిమురుకుంటూ ఆలోచించింది. "అంటే ఇప్పట్లో రాదు."

"రాదు రూతూ. మొన్న నిన్ను ఆశపెట్టాను."

"ఠీక్ హై దీదీ. నా బండి ఎత్తు ఎక్కదు గాని, రాత్రి నిద్రపోనిస్తాది. మీరు చెయ్యండి, బేగి ఏటి లేదు." ఆ తర్వాత ఇంకో మాట అంది: "నాకు అమ్మినోడు గ్యారంటీ అన్నాడు. వాడూ కొలిచినాడో లేదో."

దుర్గ్ ప్లాట్‌ఫారం

తిరుగు రైలు దుర్గ్‌లోనే ఎక్కాలి. వాన. దారిలో ఒక వంతెన కింద మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. రూతు బండి దింపి, మధ్యలో ఆగిపోయి, ఇద్దరం దిగి తోశాం. నా చెప్పు ఒకటి నీళ్ళలో కొట్టుకుపోయింది. స్టేషన్ బయట రబ్బరు చెప్పులు కొనుక్కుని, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ ప్లాట్‌ఫారం చేరేసరికి రైలు ఇంకా రాలేదు. రూతు వెళ్ళిపోయాక, ఇక తప్పదని సార్‌కి ఫోన్ చేశాను.

అంకెలు చెప్పాను. ఆయన ఎక్కడా అడ్డు తగల్లేదు. అయ్యాక అడిగారు, "యంత్రం సరిచూశారా?"

"వాళ్ళ ప్రామాణిక నమూనాతో సరిచూశారండీ."

"ఒక్క పొరే కదా."

"రెండోదీ ఆరబెడితే అక్కడికే వచ్చిందండీ."

ఫోన్‌లో వాన చప్పుడు వినిపిస్తోంది. అది దుర్గ్ వానో విశాఖ వానో తెలియలేదు.

"మనం కొలిచిన అంకె కూడా అబద్ధం కాదు కదమ్మా" అన్నారు నెమ్మదిగా. "మన పరిస్థితుల్లో అది వచ్చింది. పరిస్థితులు వివరంగా రాసి పంపితే ఒప్పుకోవచ్చు. మీ గడువు సంగతి చూడాలి కదా."

అది నా కోసమే అన్నారు. ఆ సంగతి నాకు తెలుసు. గడువు దాటితే ఏమవుతుందో అప్పటికే వందసార్లు లెక్కవేసుకున్నాను. 

"పొడి కలపనివి చలికాలంలో కొలిచామండీ, కలిపినవి వానల్లో. అది కూడా రాయాలి. రాస్తే ఇక ఇరవై రెట్లు ఉండదు. నేను రెట్టింపనే రాస్తానండీ."

దూరంగా రైలు కూత వినిపించింది. 

"ఆ పంపు మీరు చేరకముందు నుంచీ ఉంది" అన్నారు.

ఆయన ఏం ఆలోచిస్తున్నారో అప్పుడు అర్థమైంది. ఆయన పేరు నిలబెట్టిన పేపర్లన్నీ ఆ పంపుతో ఆరబెట్టిన పొరల మీదివే. ఏది ఏ నెలలో కొలిచారో ఎవరికి గుర్తు?  రైలు వస్తోందని చెప్పాను. "జాగ్రత్తగా రండి" అని పెట్టేశారు.

దారంతా ఆ మాటే. పొరల డబ్బా ఈసారి సీటు కింద పడేశాను, గింజలు ఏ రంగులో ఉన్నాయో చూడలేదు. నా అంకె పోయిన బాధ పక్కకు వెళ్ళి, ఒక పెద్దమనిషి జీవితం మీద రాయి వేసి వస్తున్నానేమోనన్న భయం పట్టుకుంది. రాయగడ దగ్గర కొండల్లో మబ్బులు దిగి ఉన్నాయట. మా బోగీలో అందరూ కిటికీల దగ్గర నిలబడ్డారు.

విశాఖ

ఇది రాసేనాటికి ఆ పేపరు వెనక్కి తీసుకున్నాం. రెట్టింపు వాహకత మీదా, తేమ చేసే మోసం మీదా కొత్తది రాస్తున్నాం. గడువు పెంచమని అర్జీ పెట్టుకున్నాను, జవాబు ఇంకా రాలేదు. వస్తుందో రాదోనన్న బెంగ అలాగే ఉంది. దాని సంగతి దానిది.

తిరిగొచ్చిన మర్నాడు ల్యాబుకి వెళ్ళడానికే కాళ్ళు రాలేదు. మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. సార్ ఎలా ఉంటారో, అసలు నాతో మాట్లాడతారో లేదో.

తలుపు తీసే ఉంది. ఆయన చొక్కా చేతులు మడిచి నేల మీద కూర్చుని ఉన్నారు. వాక్యూమ్ పంపు మూత విప్పేసి ఉంది. పక్కన పళ్ళెంలో పాత నూనె, నీళ్ళు కలిసి తెల్లగా విరిగిపోయి కనిపించింది. పగిలిన రబ్బరు గొట్టం ముక్కలు కాగితం మీద వరసగా పెట్టారు. కొత్త గొట్టం అప్పటికే బిగించారు. బల్ల మీద బీరువాలోంచి తీసిన చిన్న చిన్న సీసాలు పరిచి ఉన్నాయి. ప్రతి దాంట్లో ఒక పొర, ప్రతి దాని మీదా ఆయన చేతిరాత. కొన్ని కాగితాలు పసుపెక్కి ఊడిపోయేలా ఉన్నాయి.

నేను నమస్కారం పెట్టాను. ఆయన తల ఊపి, నూనె చెయ్యి గుడ్డతో తుడుచుకున్నారు.  ఏదో ఒకటి అనాలని, నా డబ్బా బల్ల మీద పెట్టి, "ఇవి పొయ్యిలో పెట్టమంటారాండీ?" అన్నాను.

"మీవి తేలిపోయాయి కదమ్మా" అన్నారు. లేచి, పసుపెక్కిన కాగితమున్న సీసా ఒకటి వెతికి తీసి నా చేతిలో పెట్టారు.

"ముందు నావి ఆరబెట్టండి."